జెనోవా రేవుపట్టణము



గత సంచికలో నిమ్మకాయ యూరుగాయను గూర్చి వ్రాయుచు, ఈ మాసమున మా ఇటలీ ప్రయాణవిశేషములను విన్నవించెదమని మాట యిచ్చియుంటిమి. అంతలోనే కొందఱు సోదరీమణులు “అచ్చట నేమి చూచితిరి? ముఖ్యముగా నేమి తింటిరి?” అని జాబులు వ్రాసిరి. చూచినదియు తిన్నదియు రెండును చెప్పెదము. వానికంటె ముఖ్యమైన మాట యింకొకటి కలదు. అది మా అత్తగారికి సంబంధించినది, వరుసలో వచ్చును.

మా మరిది ఇటలీదేశమున జెనోవా యను రేవుపట్టణములో ఒక పరిశోధనాలయమున ఉద్యోగము చేయుచున్నాడు. మూడేండ్లనుండి తల్లిని చూడలేదు. ఆతడు టిక్కెట్లు పంపగా, గడచిన వేసవి సెలవులలో అత్తగారిని వెంటబెట్టుకొని, మావారితో గూడ మేము బయలుదేరితిమి. అప్పటికి మా యూరి పెంకుటింటి మరమ్మతు సగములో నున్నది. ముంగిట ద్వారముప్రక్కన నొక పలుగురాతిపలక నిలిపి, దానిపై కీర్తిశేషులైన మామగారి పేరు చెక్కింపవలెనని అన్నదమ్ము లిరువురును నిశ్చయించుకొనిరి. చెక్కవలసిన అక్షరముల నొక కాగితముపై వ్రాసి, తమ్మునికి చూపుటకై మావారు దానిని చొక్కాజేబులో పెట్టుకొనిరి.

ఆ యింటిని గూర్చి రెండుమాటలు చెప్పక తప్పదు. మామగారు కాలము చేసిన నాటికి ఇల్లు తాకట్టులో నుండెను. పిల్ల లిరువురును బడిలో నుండిరి. అత్తగారు తెల్లవారుజామున లేచి మినపపిండి దంచి, అప్పడము లొత్తి, నూఱేసి చొప్పున కట్టలు గట్టి, బస్సెక్కి పట్టణములోని దుకాణములకు వేసివచ్చెడివారు. పదునెనిమిదేండ్లు అట్లు జరిగినది. పిల్లల చదువులును, తాకట్టు విడుదలయును ఆ యప్పడముల సొమ్ముతోనే. ఈ సంగతి మా యింట నందఱకు తెలియును. తెలిసిన సంగతి గనుకనే ఎవ్వరును దానిని తలచుకొనుట లేదు.

ఇక ప్రయాణము. విమానము దిగి పట్టణములోనికి పోవునపుడు మా మరిది దూరముననున్న యొక పొడవైన వంతెనను చూపెను. 2018వ సంవత్సరము ఆగష్టు 14వ తేదీన, జోరున వాన కురియుచుండగా, అచ్చటి పాతవంతెన కూలి 43 మంది మరణించిరట. ఈ పట్టణమునందే పుట్టిన రెన్జో పియానో అను వాస్తుశిల్పి రూపొందించిన క్రొత్తవంతెన 2020 ఆగష్టులో తెఱవబడినది.  అత్తగారు కారులోనుండియే చేతులు జోడించిరి.

జెనోవాకు ముందు సముద్రము, వెనుక కొండలు. రెంటి నడుమ నేల చాలక ఇండ్లు కొండవాలున ఒకదాని భుజముపై నొకటి యెక్కినట్లుండును. విశాఖపట్టణమును చూచినవారు కొంత ఊహించుకొనగలరు. కొండ యెక్కుటకు వీథులలోనే సర్కారువారి లిఫ్టులు కలవు. రేవుమొగమున లాంతెర్నా యను దీపస్తంభము 77 మీటర్ల యెత్తున నిలిచియున్నది. ఇప్పటి కట్టడము 1543వ సంవత్సరమునాటిది. నేటికిని రాత్రులు ఓడలకు దారి చూపుచున్నది.

పాతపట్టణములోని సందులు మిక్కిలి యిఱుకు. చేతులు చాచినచో రెండుప్రక్కల గోడలును తగులును. ఆఱేడంతస్తుల ఇండ్ల నడుమ ఆకాశము తాటియాకంత కనబడును. పై కిటికీలనుండి బట్టలు ఆరవేసియుందురు. సందుమలుపులలో గోడగూళ్లయందు మేరీమాత ప్రతిమలు కలవు. మన యూళ్లలో వీథిమొగల వెలసిన అమ్మవార్లు జ్ఞప్తికి వచ్చి, మాకు పరాయిదేశమున నున్నామన్న బెరుకు కొంత తగ్గినది.

భోజనవిషయము. ఈ పట్టణమునకు పేరు తెచ్చినది పెస్తో అను పచ్చడి. మరిది పొరుగింటి పెద్దావిడ మమ్ము వంటయింటిలోనికి పిలిచి చేసి చూపెను. పాలరాతి రోటిలో, కొయ్యపొత్రముతో, లేత బేసిల్ ఆకులు, పైన్ గింజలు, వెల్లుల్లి, ఉప్పు, చీజు నూఱి, ఆలివునూనె కలుపుదురు. ఆ యాకుల వాసన తగిలినంతనే అత్తగారు ఉలికిపడి, “అయ్యో, తులసిని వెల్లుల్లితో నూఱుటయా!” అనిరి. అది మన కోటలోని తులసి కాదనియు, వేసవిలో మనము నానవేసి త్రాగు సబ్జాగింజల మొక్క యనియు మేము నచ్చజెప్పితిమి. పిమ్మట వెల్లుల్లియు చీజును లేకుండ ఒక చెంచాడు వేఱుగ నూఱించుకొని, “చింతపండు పడవలసినది” అని తీర్పు చెప్పిరి. ఫరినాతా యను నింకొక పదార్థము మాత్రము అందఱకు నచ్చినది. శనగపిండిని నీటిలో జారుగ కలిపి, ఉప్పును ఆలివునూనెయును చేర్చి, బండిచక్రమంత రాగిపళ్లెములో పోసి కట్టెలపొయ్యిలో కాల్తురు. అంచులు కరకరలాడుచు, నడుమ మెత్తగా నుండును. మన శనగపిండి యట్టునకు తోబుట్టువే. ఇంటిలో పెనముపై సన్ననిసెగను చేసి చూడుడు. పిండి నాలుగైదుగంటలు నానవలెను.

మఱునాడు పోర్తా సోప్రానా యను పాతకోటద్వారమునకు పోయితిమి. దాని చెంతనే కొలంబసు బాల్యమున నివసించెనని చెప్పు చిన్నయిల్లు కలదు. మొదటియిల్లు 1684లో ఫ్రెంచివారి ఫిరంగులపాలుగాగా, తరువాత తిరిగి కట్టినది యిది. కొలంబసు తండ్రి ఉన్నినేత పనివాడు. తల్లి పేరు సుసాన్నా ఫోంటనరోస్సా. మావారు పదునాఱేండ్లుగా పిల్లలకు చరిత్ర చెప్పుచున్నారు. ఆమె పేరు తామెన్నడును పాఠములో చెప్పలేదని ఒప్పుకొనిరి.

అచ్చటినుండి నేటి గరిబాల్డివీథికి వెళ్లితిమి. 16వ శతాబ్దమున పట్టణపు ధనికులు కట్టించిన మేడల వరుస యది. ఇట్టి మేడలు 42 యునెస్కోవారి ప్రపంచవారసత్వపు పట్టికలో 2006లో చేరినవి. వాని వెనుక నొక వింత యేర్పాటు కలదు. ఈ పట్టణము రాజులేని రాజ్యము. కావున రాజమందిరము లేదు. విదేశములనుండి ప్రభువులును రాయబారులును వచ్చినప్పుడు ఎవరియింట దింపవలెను? 1576లో గొప్పయిండ్లను తరగతులుగ విభజించి జాబితాలు వ్రాయించిరి. చీట్లు వేసి, ఎవరి చీటి వచ్చిన వారింట అతిథిని దింపెడివారు. అదొక గౌరవమని పుస్తకములు చెప్పును. “చీటి పడిననాడు ఆ యింటి కోడలి గుండె యెట్లుండెనో!” అని అత్తగారు అనిరి. పుస్తకములలో ఆ సంగతి లేదు.

మూడవనాడు రేవుగట్టుననున్న సాన్ జోర్జో మందిరమునకు పోయితిమి. సముద్రమువైపు గోడనిండ రంగుల చిత్తరువులు. 1260వ సంవత్సరప్రాంతమున కట్టిన ఈ మందిరము పట్టణకచేరిగను, సుంకపుఠాణాగను, కారాగారముగను ఉండినది. 1407 మొదలు సాన్ జోర్జో సంఘమను పేరుగల గొప్పబ్యాంకి యిందే నడచినది. ఇప్పుడు రేవు అధికారుల కార్యాలయము. లోని పెద్దగదిలో బ్యాంకికి ధనమిచ్చిన మహనీయుల విగ్రహములు కలవు. విరాళము మిక్కిలి పెద్దదైన కూర్చున్న విగ్రహము, తక్కువయైన నిలుచున్న విగ్రహము, ఇంకను తక్కువయైన తల మట్టునకే. లెక్కపుస్తకము రాతిలో చెక్కినట్లున్నది.

కాని మేమచ్చటికి పోయినది వారికొఱకు గాదు. 1298లో వెనీసువారికిని జెనోవావారికిని సముద్రముపై ఘోరయుద్ధము జరిగి వెనీసు ఓడిపోయినది. పట్టుబడి జెనోవాకు తేబడిన ఖైదీలలో మార్కోపోలో ఒకడు. అతనిని ఉంచినది యీ మందిరముననే యని పరంపరగా చెప్పుకొందురు. కారాగారమున పీసా వాడైన రుస్తికెల్లో యను కథకుడు తోడు దొరకెను. ఒకరు చెప్పగా నొకరు వ్రాసిరి. జగత్ప్రసిద్ధమైన ప్రయాణగ్రంథ మట్లు పుట్టినది.

సోదరీమణులారా! ఆ గ్రంథమున మన తెలుగురేవు కలదు. ముట్ఫిలి యని అతడు వ్రాసినది మన మోటుపల్లి యని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆ రాజ్యమును మిక్కిలి వివేకవతియగు నొక రాణి న్యాయము తప్పక పాలించెననియు, ప్రజలు ఆమెను ప్రేమించిరనియు అతడు పొగడెను. అచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్ననివస్త్రములను కొనియాడెను. ఆ రాణి మన కాకతీయ రుద్రమదేవియే. ఆమెను రాజు భార్యగా వ్రాయుట అతని పొరపాటు. ఆమె గణపతిదేవచక్రవర్తి కూతురు. 1289లో ఆమె పరమపదించినట్లు చందుపట్ల శాసనమువలన తెలియుచున్నది. పిమ్మట కొన్నియేండ్లకు మార్కోపోలో హిందూదేశపు తీరములగుండ పోయెను. రాణి పోయినను ఆమె కీర్తి రేవులలో వినబడుచుండెనన్నమాట.

చిన్ననాట మా తండ్రిగారు హరవిలాసము చెప్పునపుడు, కృతిపతియైన అవచి తిప్పయసెట్టి తెప్పించిన హురుమంజి గుఱ్ఱములును, సింహళపుటేనుగులును, చీనాంబరములును విని మేము నోరు తెఱచుకొని కూర్చుండెడివారము. ఆ వర్తకము నడచిన తీరము మనది. ఓడ బ్రద్దలై ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును పూర్వరాజులు లాగుకొనుచుండగా, గణపతిదేవుడు ఆ దోపిడి మాన్పించి, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే తీసికొందునని 1244వ సంవత్సరప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. ఆ శాసనము వీరభద్రాలయమున నేటికిని ఉన్నది. రేవు లేదు. బాపట్లజిల్లాలో అదిప్పు డొక చిన్నగ్రామము.

ఆ మందిరపు మెట్లపై కూర్చుండి మావారు ఈ కథ అంతయు చెప్పగా, అత్తగారు విని, “అంత మెచ్చుకొన్నవాడు ఆమె పేరు వ్రాసెనా?” అని అడిగిరి. వ్రాయలేదు. రాణి యని మాత్రమే వ్రాసెను. “పోనీ, మనవారు వ్రాసిరా?” మన శాసనములలో పెక్కింట ఆమె రుద్రదేవమహారాజు. సింహాసన మెక్కుటకు మగపేరు పెట్టుకొనవలసివచ్చినది. అత్తగారు మఱి మాటాడలేదు.

నాలుగవనాడు స్తాల్యేనో శ్మశానవాటికకు పోయితిమి. శ్మశానమును చూడబోవుట యేమని మీరందురేమో; మేమును అట్లే అంటిమి. 1851లో తెఱచిన ఆ వాటిక శిల్పశాలవంటిది. మండపముల వరుసలలో వేలకొలది పాలరాతి విగ్రహములు. జెనోవాలో 1805లో పుట్టి, ఇటలీ స్వాతంత్ర్యమునకై జీవితము ధారపోసిన మాజినీ సమాధి అచ్చటనే కలదు. మహాత్ముడు 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్యములో పేర్కొన్న మహాపురుషు డితడే. మావారు చెప్పులు విడిచి నిలువబడిరి.

ఇంకొకచోట ఆంగ్లకవి ఆస్కార్ వైల్డుగారి భార్య సమాధి. ఆమె పేరు కాన్‌స్టన్స్. భర్త చెఱపాలై అప్రతిష్ఠ పొందగా, ఇంటిపేరు మార్చుకొని పిల్లలతో దేశాంతరమున బ్రదికి, 1898లో జెనోవాలో మరణించెను. రాతిపై మొదట తండ్రిపేరు చెప్పి, ఆయన కూతురని మాత్రమే వ్రాసిరి. 1963లో, భర్తకు మరల కీర్తి వచ్చిన పిమ్మట, ఆయన భార్యయని చేర్చిరి. పాపము, మరణించిన తరువాతను ఆమె పేరు ఒకరి చేతినుండి యొకరి చేతికి మారినది.

మండపములో నడచుచుండగా అత్తగారు ఒక విగ్రహముముందు ఆగిపోయిరి. నిలువెత్తు పాలరాతి ముసలమ్మ. ముడుతలు పడిన ముఖము, జరీపని గల మంచిబట్టలు, కుచ్చుల శాలువ. చేతులలో కాయల దండలును, నడుమ తూటుగల గుండ్రని రొట్టెలును. “ఏమే అమ్మాయీ, ఈమె ఆంజనేయస్వామికి వడమాల తెచ్చినట్లున్నదే! ఏ రాణీగా రీమె?” అనిరి.

రాణి గాదు. కాతెరీనా కాంపొదొనికో అను కాయలమ్మి. హేజెల్ కాయలను దారమునకు గ్రుచ్చి దండలు కట్టి, గుండ్రని రొట్టెలతో గూడ, తిరునాళ్లలోను గుళ్లముంగిటను ఎండయనక వానయనక అమ్మినది. ఒకమాఱు జబ్బుపడి మంచము పట్టగా, బంధువులు ఆమె బ్రదికియుండగనే సొమ్ముకై కలహించిరని అచ్చటివారు చెప్పుకొందురు. లేచి కోలుకొని, కూడబెట్టిన సొమ్ము తీసికొని, గొప్పయిండ్లవారికి విగ్రహములు చెక్కు లొరెంజో ఒరెంగో అను శిల్పియొద్దకు పోయి, తన విగ్రహమును తానే చెక్కించుకొనెను. ఇది 1881వ సంవత్సరపు మాట. మఱుసటియేట ఆమె మరణించెను. పీఠముపై జెనోవా జనులు మాటాడు పలుకుబడిలోనే ఆమె కథను పద్యముగా చెక్కిరి. చుట్టును కోటీశ్వరులు, వారి నడుమ కాయలమ్మి.

మా మరిది చెప్పుచున్నంతసేపు అత్తగారు ఆ చేతులనే చూచుచుండిరి. పిమ్మట, “దండకు ఎంతకు అమ్మెడిదో?” అనిరి. “తెలియదమ్మా,” అని ఆతడనెను. “మేము కట్ట మూడురూపాయలకు మొదలుపెట్టితిమి. చివరకు ఇరువదిరెండు,” అని ఆమె పైకొంగుతో ముఖము తుడుచుకొనిరి. పదిసంవత్సరములుగా ఆ యింటి కోడలమైన మేము ఆ లెక్క ఎన్నడును అడిగియుండలేదు.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట మావారు జేబులోని కాగితము తీసి తమ్మునికి చూపిరి. ఇద్దఱును అక్షరముల పరిమాణమును గూర్చి మాటాడుచుండిరి. మేము వడ్డన సర్దుచు, “రెండవ పేరు వ్రాయుట మఱచితిరా?” అని అంటిమి. మావారు తలయెత్తి, “రెండవ పే రెవరిది?” అని అడిగిరి. ఆ ప్రశ్న నోటినుండి వెలువడిన తరువాతనే ఆయనకు అర్థమైనది. రుద్రమదేవి పేరు వ్రాయలేదని పగలంతయు మార్కోపోలోను నిందించిన మనిషి ఆ కాగితమును మడిచి చాలసేపు ఊరకుండిరి.

అత్తగారు మాత్రము కసరుకొనిరి. “పెద్దాయన పేరుప్రక్కన నా పేరేమిటి? నలుగురును నవ్వుదురు. అప్పడములు అమ్ముటకూడ గొప్పయేనా!” అనిరి. మేమును రెట్టింపలేదు. పెద్దవారి మనసునకు మాఱుమాట చెప్పుట మాకు అలవాటు లేదు. ఆమె కిష్టములేని గౌరవమును ఆమెపై మోపుట గౌరవమును గాదు.

ఊరికి తిరిగివచ్చిన పదునైదునాళ్లకు రాతిపనివాడు వచ్చి మామగారి పేరు పలకపై సున్నముతో గీచెను. అక్షరములు పలకనిండ వచ్చినవి. మావారు చూచి బాగున్నదనిరి. అప్పుడు అత్తగారు వంటయింటినుండి వచ్చి, గడపలో నిలిచి, “అక్షరములు కొంచెము చిన్నవి చేయుము నాయనా. క్రింద ఇంకొక పంక్తికి చోటు విడువుము,” అని చెప్పి, పొయ్యిమీద పాలున్నవని లోనికి పోయిరి.

ఆ రెండవపంక్తి యేమో యిచ్చట వ్రాయము. పత్రికలో తమ పేరు వేయవలదని వారు మాయొద్ద మాట తీసికొనిరి. మా యూరికి వచ్చినవారు గోడమీదనే చదువుకొనవచ్చును.

సోదరీమణులారా! అందఱమును పాలరాతి విగ్రహములు చెక్కించుకొనజాలము. ఆ యవసరమును లేదు. కాని మన యింటిలో పాడి అమ్మియో, బట్టలు కుట్టియో, అప్పడము లొత్తియో సంసారమును ఒడ్డుచేర్చిన తల్లులు ఉండకపోరు. కట్ట యెంతకు అమ్మిరో, ఏ సొమ్ముతో ఏది విడిపించిరో, వారు చెప్పగలిగియున్నప్పుడే అడిగి, పద్దుపుస్తకపు చివరిపుటలోనైనను వారి పేరుతో వ్రాసి యుంచుడు. మార్కోపోలో రేవులలో విన్నదానిని వ్రాసెను. మనమైతే వంటయింటిలో అడిగి వ్రాయవచ్చును.

ఫరినాతా చేసి చూచినవారు ఎట్లు వచ్చినదో జాబు వ్రాయుదురు గాక. వచ్చుమాసమున వడియముల సంగతి ముచ్చటించుకొందము. అత్తగారు కొలతలు చెప్పుటకు ఒప్పుకొనిరి.